పనికి వేరే లాగిన్: మూడేళ్ల వాడకం తర్వాత

మూడేళ్ల క్రితం దాకా నా ల్యాప్‌టాప్‌లో అన్నీ ఒకే చోట ఉండేవి. క్లయింటు కోడు, వాట్సాప్ వెబ్, యూట్యూబ్, బ్యాంకు, పాప స్కూలు ఫీజు రసీదులు, అన్నీ. ఇప్పుడు అదే ల్యాప్‌టాప్‌లో పనికోసం వేరే యూజర్ అకౌంట్ ఉంది. దీనికి పైసా ఖర్చు కాలేదు. ఏకాగ్రత కోసం అంతకుముందు చాలా కొన్నాను, చాలా యాప్‌లు ఎక్కించాను. నిలబడింది మాత్రం ఇదే. అందుకే ఎక్కువగా దీని గురించే రాస్తున్నాను.

నేను బ్యాకెండ్ ప్రోగ్రామర్‌ని, అంటే తెర వెనక సర్వర్లలో నడిచే కోడు రాస్తాను. హైదరాబాద్ ప్రగతినగర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, సొంత ల్యాప్‌టాప్ మీద కాంట్రాక్టు పనులు. ఇంట్లో అమ్మ, నా భార్య, నాలుగో తరగతి చదివే పాప. పని చెడేది ఇంట్లో చప్పుడు వల్లే అని చాలాకాలం అనుకున్నాను. ఒక వారం పాటు పని ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగిందో నోట్‌బుక్‌లో రాసుకుంటే అసలు సంగతి తెలిసింది. ఎక్కువసార్లు నన్ను ఎవరూ పిలవలేదు, నేనే వెళ్లిపోయాను. రాసిన కోడు సరిగా ఉందో లేదో చూసే టెస్టులు నడిచే ఆ 2 నిమిషాలే గండం. ఖాళీగా ఉన్న చెయ్యి వేరే ట్యాబ్ మీదకు పోతుంది. తిరిగి వచ్చేసరికి ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తోంది, ఏ వేరియబుల్‌లో ఏముంది అని తలలో కట్టుకున్నదంతా చెదిరిపోయి ఉంటుంది. ఒక పని వదిలి ఇంకో పనికి వెళ్లినా మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. దానికి ఆమె వాడిన మాట అటెన్షన్ రెసిడ్యూ. నా నోట్‌బుక్ నిండా కనిపించింది అదే.

నేను విండోస్ బదులు వాడేది ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. సెట్టింగ్స్‌లో యూజర్స్‌కి వెళ్లి ‘పని’ అని కొత్త యూజర్‌ని చేశాను. రకం స్టాండర్డ్, అంటే అడ్మిన్ అధికారాలు ఉండవు. అందులో ఎడిటర్, టెర్మినల్, బ్రౌజర్ తప్ప ఇంకేమీ పెట్టలేదు. కోడు, సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీలు అందులో మాత్రమే ఉంటాయి. ఆ బ్రౌజర్‌లో నా సొంత మెయిల్ లాగిన్ లేదు, సేవ్ చేసిన పాస్‌వర్డులు లేవు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో సైట్లను ఆపే లీచ్‌బ్లాక్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టి వార్తల సైట్లు, యూట్యూబ్ ఆపేశాను. నేను కోడు రాసే పైథాన్ భాష, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ల డాక్యుమెంటేషన్ జీల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లోకి దించుకున్నాను. అందువల్ల చిన్న సందేహానికి బ్రౌజర్ తెరవాల్సిన అవసరమే తగ్గింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మొదట్లో నేను లాగౌట్ కాకుండానే అకౌంట్ మారే స్విచ్ యూజర్ వాడేవాణ్ని. అలా చేస్తే రెండో అకౌంట్ వెనకాల తెరిచే ఉంటుంది, కీబోర్డు మీద రెండు మూడు మీటలు నొక్కితే అటు వెళ్లిపోవచ్చు. నెల తిరక్కుండానే పాత అలవాటు వచ్చేసింది. ఇప్పుడు పూర్తిగా లాగౌట్ అయ్యే మారతాను. యూట్యూబ్ కావాలంటే తెరిచినవన్నీ మూసి, బయటికి వచ్చి, మళ్లీ లాగిన్ కావాలి. నిమిషం పైనే పడుతుంది. టెస్టులు నడిచే 2 నిమిషాల కోసం అంత తంటా పడబుద్ధి కాదు. ఈ పద్ధతి బలమంతా ఆ ఇబ్బందిలోనే ఉంది.

కష్టాలు లేవని కాదు. ‘పని’ అకౌంట్‌లో సుడో, అంటే అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపే వీలు, లేదు కాబట్టి ఏదైనా ప్యాకేజీ (కొత్త ప్రోగ్రామ్) కావాలంటే పాత ఇంటి అకౌంట్‌లోకి వెళ్లాలి. మొదటి రెండు వారాలు దీంతో విసుగెత్తిపోయాను. పైథాన్ వెర్షన్లు పైఎన్వ్ అనే టూల్‌తో ఆ యూజర్ సొంత ఫోల్డర్‌లోనే పెట్టుకోవడం నేర్చుకున్నాక చాలావరకు తీరింది. ప్రోగ్రామ్‌లని విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే డాకర్ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. డాకర్ గ్రూపులో యూజర్‌ని చేర్చడమంటే దాదాపు రూట్ అధికారం, అంటే మెషీన్ మొత్తం మీద అధికారం, ఇచ్చినట్టే. అందుకని అదే పని రూట్ అవసరం లేకుండా చేసే పాడ్‌మ్యాన్‌కి మారాను. ఇక సైట్లు ఆపడానికి హోస్ట్స్ ఫైల్ (ఏ సైటు పేరుకి ఏ అడ్రసో రాసి ఉండే సిస్టమ్ ఫైల్) మార్చమని చాలామంది చెబుతారు. నేనూ మార్చి చూశాను. కానీ అది మెషీన్ మొత్తానికి వర్తిస్తుంది, యూజర్‌కి ఒకటి ఉండదు. సాయంత్రం పాపకి రైమ్స్ పెడదామంటే యూట్యూబ్ తెరుచుకోలేదు. అదే రోజు తీసేశాను.

చప్పుడు తగ్గించడానికి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఫ్యాను, ఏసీ లాంటి ఆగకుండా వచ్చే లోతైన హోరుని అవి బాగా చంపుతాయి. మాటల్ని, కుక్కర్ కూతని అంతగా ఆపలేవు. తెలుగు పాటలు పెడితే నా చెవి సాహిత్యం వెంట పోతుంది కాబట్టి వాన చప్పుడు పెట్టుకుంటాను. రెండేళ్లకి చెవి దిండ్ల తోలు పొరలుగా ఊడింది, మార్పించాను. టైమర్ పెట్టుకుని 25 నిమిషాలు పని, తర్వాత కాస్త విరామం అనే పొమొడోరో పద్ధతి కూడా ప్రయత్నించాను. బగ్ దొరకబోతున్న సమయానికే గంట మోగేది, మానేశాను.

ఫోన్ విషయంలో ఒక తప్పు చేశాను, అది ఇప్పటికీ బాధపెడుతుంది. మొదటి నెలలో ఫోన్ సైలెంట్‌లో పెట్టి వంటింట్లో ఫ్రిజ్ మీద వదిలేసేవాణ్ని. ఒకరోజు పాపకి జ్వరం వచ్చిందని స్కూలు నుంచి 4 సార్లు ఫోన్ చేశారు. నేను చూసుకునేసరికి గంట దాటింది. పాప ఆఫీసు గదిలో బెంచీ మీద పడుకుని ఉంది. ఆ రాత్రే డునాట్ డిస్టర్బ్ సెట్టింగులు సరిచేశాను. ఇంట్లోవాళ్ల నంబర్లు, స్కూలు నంబరు ఎప్పుడైనా మోగుతాయి. మిగతావాళ్లు 15 నిమిషాల్లో రెండోసారి చేస్తే మోగేలా ఆండ్రాయిడ్‌లో వీలుంది, అది కూడా ఆన్ చేశాను. ఫోన్ దూరంగా పెట్టదలిచినవాళ్లు ముందు ఈ పని చేయండి, తర్వాతే దూరం పెట్టండి.

ఇంట్లోవాళ్ల కోసం తలుపు బయట ఎర్ర జీరో బల్బు పెట్టాను. ఉదయం 8:30 నుంచి 11:30 దాకా వెలుగుతుంది. వెలుగుతున్నంతసేపు అవసరమైతేనే తలుపు కొట్టాలి. ఆరితే ఎవరైనా ఎప్పుడైనా రావచ్చు. మూడు గంటలకు మించి వెలిగించకూడదని నా భార్య పెట్టిన షరతు న్యాయమైనది, నేను తప్పలేదు. అమ్మకి ఇది మొదట నచ్చలేదు. “ఇంట్లో ఉండి మాట్లాడకపోవడమేంట్రా?” అంది. ఇప్పుడు 11:30 కాగానే తనే తలుపు దగ్గరకొచ్చి, “బల్బు ఆర్పు నాన్నా, టిఫిన్ చల్లారిపోయింది” అంటుంది. ఆ మూడు గంటల్లో ఇప్పుడు నేను చేసే పని ఒకప్పుడు రోజంతా కూర్చున్నా అయ్యేది కాదు.

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే కొత్త యూజర్‌ని చేసే అధికారం మీకు ఉండకపోవచ్చు. అప్పుడు బ్రౌజర్‌లో వేరే ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. నేను కొన్నాళ్లు అలాగే చేశాను. ఒక్క క్లిక్‌తో దాటిపోవచ్చు కాబట్టి ఫలితం సగమే. రోజంతా చాట్‌లో జవాబులివ్వాల్సిన ఉద్యోగాలకి ఈ పద్ధతి సరిపడదు. నా క్లయింట్లు అమెరికాలో ఉంటారు. మన ఉదయం వాళ్లకి రాత్రి కాబట్టి నాకు కుదిరింది.

వినాయక చవితి రోజులకి మాత్రం నా దగ్గర ఏ ఉపాయమూ లేదు. మా వీధి మండపం స్పీకర్లు సరిగ్గా నా కిటికీ వైపే ఉంటాయి. నిమజ్జనం అయ్యేదాకా తెల్లవారుజామున 5 గంటలకే బల్బు వెలిగించి 8 గంటలకి ఆర్పేస్తాను.