ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

పైథాన్ ఆబ్జెక్టులను రిలేషనల్ డేటాబేస్‌లో భద్రపరచడానికి నేను తొమ్మిదేళ్లుగా ఎస్‌క్యూఎల్ ఆల్కెమీనే వాడుతున్నాను. మైక్ బేయర్ 2006లో తొలిసారి విడుదల చేసిన ఈ ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఎంఐటీ లైసెన్సు కింద లభిస్తుంది. ఇక డేటాబేస్‌ను ప్రశ్నించే భాష అయిన ఎస్‌క్యూఎల్ జోలికి వెళ్లనక్కర్లేదన్న ఆశతో దీన్ని మొదలుపెట్టాను. ఆ ఆశ కొద్ది నెలల్లోనే వమ్మయింది. అందుకు ఇప్పుడు నాకు చింతేమీ లేదు.

ఇందులో అసలు కీలకం సెషన్, అంటే డేటాబేస్‌తో మన పనిని నడిపించే ఆబ్జెక్టు. మనం ఆబ్జెక్టులను సృష్టిస్తూ, మారుస్తూ, తొలగిస్తూ పోతే అది ఆ మార్పులన్నిటినీ గుర్తుంచుకొని, ఫ్లష్ చేసేటప్పుడు (అంటే వాటిని డేటాబేస్‌కు పంపేటప్పుడు) ఏ టేబుల్‌లో ముందు వరుస చేరాలో వాటి మధ్య సంబంధాలను బట్టి తానే నిర్ణయిస్తుంది. ఒకే ప్రైమరీ కీ ఉన్న వరుసను ఒక సెషన్‌లో ఎన్నిసార్లు అడిగినా అదే ఆబ్జెక్టు చేతికి వస్తుంది కనుక, ఒక ప్రతిలో మార్చింది మరో ప్రతిలో కనబడని తలనొప్పి ఉండదు. అయితే కమిట్ (మార్పులను ఖాయం చేయడం) తర్వాత ఆబ్జెక్టులోని విలువలకు కాలం చెల్లినట్టు లెక్కగట్టి, మళ్లీ ముట్టుకున్నప్పుడు డేటాబేస్ నుంచి తాజాగా చదవడం దీని డిఫాల్ట్ పద్ధతి. సెషన్ మూసేశాక అలాంటి ఆబ్జెక్టును టెంప్లేట్‌కు పంపి, వచ్చిన ఎర్రర్‌ను లైబ్రరీ లోపమని నేను చాలాకాలం తిట్టుకున్నాను. తప్పు నాదే.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసింది లేజీ లోడింగ్, అంటే సంబంధిత డేటాను ముట్టుకున్నప్పుడు మాత్రమే తెచ్చే పద్ధతి. 200 ఆర్డర్లను తెచ్చి, లూప్‌లో ఒక్కొక్క దాని ఐటెమ్‌లను చదివితే, ఒక్క క్వెరీ అనుకున్నచోట 201 వెళతాయి. నా యంత్రంలోని కాస్తంత డేటాతో ఇది కంటికి ఆనలేదు. అసలు సర్వర్ మీద పేజీ నత్తనడక నడిచింది. సంబంధిత వరుసలను ముందే కలిపి తెచ్చే సెలెక్ట్‌ఇన్ లోడ్ పెట్టాక ఐటెమ్‌లన్నీ ఒకే అదనపు క్వెరీలో వచ్చాయి. ఇప్పుడు కొత్త మోడళ్లలో, ముందుగా లోడ్ చేయని సంబంధాన్ని తాకగానే ఎర్రర్ ఇచ్చేలా లేజీ ఆప్షన్‌ను 'రైజ్'గా పెడుతున్నాను. మొదట్లో చిరాకు పుట్టించిన ఈ అలవాటు, అసింక్ కోడ్‌కు (ఒక పని పూర్తయ్యేదాకా ఆగకుండా మరో పని నడిపే కోడ్‌కు) మారినప్పుడు ఎంతో శ్రమ తప్పించింది, ఎందుకంటే అక్కడ చాటుగా జరిగే లోడింగ్ ఎలాగూ కుదరదు.

2023 జనవరిలో వచ్చిన 2.0 వెర్షన్‌కు మారడం నేను భయపడినంత కష్టం కాలేదు, 1.4లోనే హెచ్చరికలు ఆన్ చేసుకొని, పాత క్వెరీ శైలిని ఒక్కో మాడ్యూల్‌లో మార్చుకుంటూ వచ్చాను. డాక్యుమెంటేషన్ లోతుగానే ఉంటుంది కానీ, కావలసిన పేజీ దొరకాలంటే దాని పరిభాష ముందే తెలిసి ఉండాలి. కొత్తవారికి ఇది నిజంగా అవరోధమే.

లక్షల వరుసలను ఎక్కించే పనికి నేను ఓఆర్ఎమ్‌ను (ఆబ్జెక్టులను టేబుళ్లకు ముడిపెట్టే పొరను) పక్కనపెట్టి, దాని కింది పొర అయిన కోర్‌తో నేరుగా రాస్తాను. రెండూ ఒకే కనెక్షన్‌లో, ఒకే ట్రాన్సాక్షన్‌లో కలిసి పనిచేయడమే నేను మరో లైబ్రరీ వైపు చూడకపోవడానికి పెద్ద కారణం. ఇప్పటికీ ఏ ప్రాజెక్టులోనైనా ముందుగా ఇంజిన్‌లో (డేటాబేస్ కనెక్షన్లను చూసుకునే భాగంలో) పంపే క్వెరీలను చూపించే ఎకో ఆన్ చేసి, వెళ్తున్న ఎస్‌క్యూఎల్‌ను కళ్లారా చదివాకే తక్కిన కోడ్ రాస్తాను.