నిజాంపేట్ రోడ్డు మీద జొన్నరొట్టెల బండి: రొట్టె సూపర్, మనం తినే పద్ధతి మీదే డౌట్

హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ నుంచి నిజాంపేట్ వైపు వెళ్లే దారిలో సాయంత్రం 6 దాటాక రొట్టెల బండ్లు పెడతారు కదా, వాటిల్లో ఒకదాని గురించి రాస్తున్నా. పేరంటూ ఏం లేదు, "జొన్న రొట్టెలు, సజ్జ రొట్టెలు లభించును" అని ఫ్లెక్సీ ఒకటి, అదే ఫ్లెక్సీ పక్క బండికి కూడా ఉంది కాబట్టి గుర్తుపట్టడానికి పనికిరాదు. మెడికల్ షాపు పక్కన ఇద్దరు ఆడవాళ్లు రెండు పెనాల మీద కాలుస్తుంటారు, చుట్టూ మెడలో ఐడీ కార్డులు తీయకుండానే వచ్చిన జనం నిలబడి ఉంటారు, అదే బండి.

ముందు రొట్టె సంగతి. ఒకటి 20 రూపాయలు, సైజు బాగా పెద్దది. తెల్లజొన్నలు తెచ్చి గిర్నీలో పట్టించుకుంటారట, రెడీమేడ్ పిండి ప్యాకెట్లు వాడరు. పిండి మరీ పాతదైతే చేదు వస్తుంది, ఇక్కడ నాకు ఎప్పుడూ రాలేదు. జొన్నపిండికి గోధుమపిండిలాగా సాగే గుణం ఉండదు, అందుకే మరిగిన నీళ్లు పోసి కలిపి బాగా మెదిపి, ముద్ద చేసి, రెండు చేతులతో తిప్పుతూ తట్టాలి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో ఒకసారి తుడిచి, తిప్పి, చివర్లో మంట మీద పెడితే పూరీలాగా పొంగుతుంది. ఇదంతా మన కళ్ల ముందే జరుగుతుంది, అదే నాకు నచ్చింది. ఒక చిన్న చిట్కా, ఏ బండి దగ్గరైనా పనికొస్తుంది: రొట్టె ముక్క ఒకటి పక్కన పెట్టి చల్లారనివ్వండి, విరిగితే జొన్న, రబ్బరులా సాగితే అందులో గోధుమపిండో మైదానో పడినట్టే. ఆ రోడ్డులోనే ఇంకో రెండు బండ్లలో సాగింది, పేర్లు అడక్కండి.

కూరల్లో పప్పుకి ఫుల్ మార్కులు. తోటకూర పప్పో పాలకూర పప్పో రోజూ ఒకటి ఉంటుంది, నీళ్లలా కాకుండా గట్టిగా ఉంటుంది, కప్పు 30. పచ్చిమిర్చి తొక్కు, పల్లికారం, ఉల్లిగడ్డ ఫ్రీ. ఉడకబెట్టిన గుడ్డు ఉంటుంది. నాటుకోడి మాత్రం నేను సిఫారసు చేయను, రుచి లేక కాదు, పైన వేలెడు నూనె తేలుతుంటుంది, ఉప్పు కూడా ఎక్కువ. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజుకి మొత్తం కలిపి 5 గ్రాముల ఉప్పు చాలంటుంది, అంటే ఒక టీస్పూను, ఆ కూర, తొక్కు, పల్లికారం మూడూ వేసుకుంటే ఆ పూటకే కోటా అయిపోతుందేమో అనిపిస్తుంది. పల్లికారం కొంచెమే అడిగి వేయించుకోండి, అక్క చేతికి కొలత లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ బండికి వచ్చేవాళ్లలో నాలాంటోళ్లే ఎక్కువ, పొద్దున పదికి లాప్‌టాప్ తెరిస్తే రాత్రి అమెరికా వాళ్ల కాల్ అయ్యేదాకా లేవనోళ్లు. లైన్లో నిలబడితే వినపడే మాటలు కూడా అవే, "షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు బ్రో", "నాకు ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్ అంట". ఇదేదో ఒకరిద్దరి బాధ కూడా కాదు, 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లతో కలిసి ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి పేపర్ వేశారు, అందులో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు పేరుకుని ఉంది, 71 శాతం మందికి ఊబకాయం. గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం, టెన్షను, నిద్ర సరిగా లేకపోవడం, తిండి వేళలు తప్పడం, కారణాలు చెప్పుకోవాలంటే మన రోజువారీ టైంటేబుల్ చదివినట్టే ఉంటుంది.

అందుకని రిపోర్టు చేతికొచ్చిన మరుసటి రోజు నుంచే జనం అన్నం మానేసి ఈ బండి ముందుకొస్తారు. వచ్చి నాలుగు రొట్టెలు తింటారు! నాటుకోడితో. పైగా "జొన్నే కదా, ఏం కాదు" అంటారు. అయ్యా, జొన్నలో కూడా ఉండేది ప్రధానంగా పిండిపదార్థమే. 100 గ్రాముల జొన్నల్లో దాదాపు 68 గ్రాములు పిండిపదార్థం, 10 గ్రాములు ప్రోటీన్, 10 గ్రాములు పీచు. పాలిష్ బియ్యంలో పిండిపదార్థం 78, పీచు 3 కూడా ఉండదు. పీచు విషయంలో జొన్న చాలా మెరుగు, కడుపు తొందరగా నిండుతుంది, నమలాలి కాబట్టి గబగబా మింగలేం కూడా. కానీ ఒక్కో రొట్టెకి 60 గ్రాముల పిండి అనుకున్నా 200 క్యాలరీలు, నాలుగంటే 800, కూర ఇంకా లెక్కలోకి రాలేదు.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు దేశమంతా చేసిన ఇండియాబ్ సర్వే నుంచి 2025లో తిండి లెక్కలు బయటికొచ్చాయి, మనవాళ్ల క్యాలరీల్లో సగటున 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందట. అందులో చాలామంది పట్టించుకోని మాట ఇంకోటుంది, మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా తెల్లన్నం బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో మార్చుకున్నంత మాత్రాన షుగర్ రిస్కు తగ్గినట్టు కనపళ్లేదంట, ఆ పిండిపదార్థంలో కొంత తీసేసి ఆ చోట పప్పులు, పాలు, పెరుగు లాంటి ప్రోటీన్ పెట్టుకుంటే తగ్గే సూచన కనపడిందంట. నేను ఈ బండిని మెచ్చుకునేది కూడా అక్కడే, ఇక్కడ పప్పు బాగుంటుంది. రెండు రొట్టెలు, రెండు కప్పుల పప్పు, ఒక గుడ్డు, ఉల్లిగడ్డ. గుడ్డు 15, మొత్తం 115 రూపాయలు. ఇదే నా ఆర్డరు, దీని మీద ఇంకేం తినబుద్ధి కాదు. మాదాపూర్‌లో మిల్లెట్ల పేరుతో ఏసీ పెట్టి నడిపే ఒక చోట ఇందులో సగం తిండికి నాలుగొందలు దాటింది, పైగా రొట్టె మీద నెయ్యి వరద.

ఇంకోటి, టైము. రాత్రి 9:30 నుంచి 10:30 దాకా ఇక్కడ జాతర, కాల్స్ అయ్యాక అందరూ ఒకేసారి దిగుతారు. ఆ టైంలో తిని, ఇంటికెళ్లి, ఫోన్ పట్టుకుని పడుకుంటే అది జొన్నరొట్టె అయినా ఏదైనా షుగర్‌కి మంచిది కాదు, రాత్రి పొద్దుపోయాక తిన్న తిండికి రక్తంలో చక్కెర ఎక్కువసేపు ఎక్కువగా ఉంటుందని పరిశోధనలు చెప్తున్నాయి. నా మాట వింటే 7, 7:30 మధ్య వెళ్లండి. మేనేజర్‌కి "7 నుంచి 7:30 బ్లాక్" అని క్యాలెండర్లో పెట్టేయండి, నేను పెట్టాను, ఎవరూ ఏమీ అనలేదు, అసలు ఎవరూ చూసినట్టు కూడా లేరు. ఆ టైంలో లైను ఉండదు, రొట్టె పెనం మీంచి నేరుగా ప్లేట్లోకి వస్తుంది, తిన్నాక ఇంటిదాకా పదిహేను నిమిషాలు నడవొచ్చు. తిన్న వెంటనే ఆ కాస్త నడక షుగర్ పెరగడాన్ని బాగానే తగ్గిస్తుంది, జిమ్‌కి ఏడాది ఫీజు కట్టి వెళ్లకపోవడం కన్నా ఇది నయం. పార్సిల్ తీసుకెళ్లి స్క్రీన్ ముందు తినేవాళ్లు ఈ రివ్యూని లెక్కలోకి తీసుకోవద్దు, మీరు తినేది వేరే రొట్టె.

ఇక కాల్చే ఇద్దరిలో నేను అక్కా అని పిలిచే ఆమె గురించి రాయకపోతే ఈ రివ్యూ సగమే. వాళ్లది నారాయణఖేడ్ వైపు. మధ్యాహ్నం నుంచే కూరలు, సాయంత్రం 5కి బండి తోసుకుని రావడం, 6 నుంచి రాత్రి 11 దాకా పెనం ముందు నిలబడే ఉంటుంది. మనం కూర్చుని కూర్చుని జబ్బులు తెచ్చుకుంటుంటే ఆమె నిలబడి తెచ్చుకుంటోంది. కుడి భుజం పైకి లేవట్లేదంది, రోజూ వందల రొట్టెలు తట్టే చెయ్యి మరి. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి కనపడుతుంటాయి. ఒకసారి రద్దీ లేనప్పుడు నీళ్ల బాటిల్ ఇవ్వబోతే వద్దంది, "నీళ్లు తాగితే యాడికి వోవాలె తమ్మీ, ఈడ ఏముంది" అంది. నిజమే, ఆ చుట్టుపక్కల బాత్రూం లేదు. పెనం సెగ ముందు ఐదారు గంటలు నీళ్లు తాగకుండా నిలబడితే యూరిన్ ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు రాకుండా ఎలా ఉంటాయి? కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలు కల్పించాలని చట్టాలు సవరించుకున్నాయి, బాగుంది, కానీ సొంత బండి పెట్టుకున్న ఈమెకి ఎవరు స్టూల్ వేయాలి? నాకైతే ఒక్కటే అర్థమైంది, "తొందరగా వెయ్యక్కా" అనడం మానేశాను. పదిన్నరకి లైన్లో నిలబడి అరిచే జనాన్ని చూస్తే ఒళ్లు మండుతుంది, ఎనిమిది గంటలు కుర్చీలోనే ఉన్నారు కదా సార్, పది నిమిషాలు నిలబడితే మీకే మంచిది.

బాగోని విషయాలు కూడా చెప్పాలి. బండి రోడ్డుకి మరీ దగ్గర, దుమ్ము, హారన్లు, ఆటోల పొగ అన్నీ ఫ్రీ. ప్లేటు మీద ప్లాస్టిక్ కవరు వేసి దాని మీద వేడివేడి పప్పు పోస్తారు, అది నాకు అస్సలు నచ్చదు. కవరు వద్దంటే కడిగిన ప్లేటు ఇస్తారు, కానీ నోరు తెరిచి అడగాలి. పార్సిల్ కూడా అంతే, పొగలు కక్కే రొట్టెని పల్చటి కవర్లో చుట్టేస్తారు, అందులో చెమ్మ పట్టి ఇంటికెళ్లేసరికి మెత్తబడిపోతుంది. ఇంటి నుంచి స్టీల్ డబ్బా, ఒక కాటన్ గుడ్డ తీసుకెళ్తే అక్కే సంతోషంగా చుట్టిస్తుంది. చేతులు కడుక్కోవడానికి డ్రమ్ములో నీళ్లున్నాయి, సబ్బు ఒక్కోసారి ఉంటుంది ఒక్కోసారి ఉండదు. తాగే నీళ్లు మీరే తెచ్చుకోండి.

సజ్జ రొట్టె చలికాలంలోనే చేస్తారు, అది నువ్వులు అద్ది కాలుస్తారు, అప్పుడు తప్పకుండా తినండి. పళ్లు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లని తీసుకెళ్తే ముందే "మెత్తగా" అని చెప్పండి, కొంచెం మందంగా తట్టి తక్కువ కాలుస్తుంది, మా నాన్నకి అలాగే ఇచ్చింది. షుగర్ మందులు వాడేవాళ్లు తిండి మార్చుకునే ముందు డాక్టర్ని ఒక మాట అడగండి, ఉన్నట్టుండి అన్నం మొత్తం మానేసి మందు అంతే వేసుకుంటే షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరిగే ప్రమాదం ఉంది.

నా రేటింగు: రొట్టెకి 5కి 5, పప్పుకి 5, నాటుకోడికి 2, శుభ్రతకి 3. ఫోన్‌పే పనిచేస్తుంది, సోమవారం బండి ఉండదు, వాన పడితే ఏ రోజైనా ఉండదు. కారు తీసుకెళ్లకండి, పెట్టడానికి చోటు లేదు.