విరు బోగ్ సాయంత్రం టూర్: దోమలున్నా వెళ్లొచ్చు

ఎస్టోనియా రాజధాని టాలిన్ వెళ్తే పాత కోట, చర్చిలతో సరిపెట్టుకోకుండా లహెమా నేషనల్ పార్కులోని విరు బోగ్‌కి (నాచు పేరుకున్న చిత్తడి నేల) సాయంత్రం గైడెడ్ టూర్ బుక్ చేసుకోండి. జూన్‌లో అక్కడ పొద్దుగూకేది రాత్రి పది దాటాకే, తొందరేం ఉండదు. చెక్క బాట మీద నడుస్తుంటే గైడ్ వంగి గుప్పెడు నాచు తీసి పిండింది, స్పాంజిలా బడబడా నీళ్లు కారాయి! పక్కనే పురుగుల్ని పట్టి తినే సన్‌డ్యూ మొక్క, గోరంత ఆకు, ఎర్రటి నూగు చివర జిగురు బొట్లు, వాటికి అతుక్కుని ఇంకా కొట్టుకుంటున్న దోమ (మమ్మల్ని కుట్టినందుకు తగిన శాస్తే). పైన్ చెట్లేమో నేలలో పోషకాలు లేక గిడసబారి మనిషెత్తు కూడా లేవు, వయసు మాత్రం బాగానే ఉంటుందట. వాచ్ టవర్ మీద సెల్ఫీల గోల. బోగ్ షూస్ (చిత్తడిలో కాలు దిగబడకుండా వేసుకునేవి) ఇస్తామని చెప్పి మా టూర్ వాళ్లు ఇవ్వలేదు, అడిగితే నవ్వి ఊరుకున్నారు, అక్కడే ఒళ్లు మండింది. ఫుల్ చేతుల షర్టు, దోమల క్రీము తప్పనిసరి. నాలుగు స్టార్లు.