టైమింగ్ మెషిన్ చెప్పేదెంత, మనం చదవాల్సిందెంత: వీషి 1000 రివ్యూ

"దీనికి కాస్త టైమింగ్ పెట్టివ్వండి" అని కౌంటర్ మీద వాచీ పెట్టే మనిషి ఉద్దేశం ఒక్కటే. రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతోంది, అది పోవాలి. మూత తీసే వాళ్లకి ఆ ఒక్క మాటలో మూడు సంగతులుంటాయి. షాపు బోర్డు మీద 'టైమింగ్స్' అంటే తెరిచే వేళ, మూసే వేళ. బైక్ మెకానిక్ దగ్గర టైమింగ్ అంటే వాల్వు తెరుచుకోవాల్సిన క్షణానికే తెరుచుకోవడం. హాస్యనటుడికి టైమింగ్ ఉందంటే మాట పడాల్సిన చోట పడుతోందని. వాచీ టైమింగ్‌కి బోర్డుతో కన్నా ఆ మెకానిక్‌తోనూ ఈ నటుడితోనూ చుట్టరికం ఎక్కువ. మూత తీసే వాళ్లు చూసే ఆ మూడు సంగతులివి: ఎంత వేగంగా కొట్టుకుంటోంది అన్నదొకటి, ఎంత బలంగా ఊగుతోంది అన్నదొకటి, రెండు దెబ్బల మధ్య ఎడం సమానంగా ఉందా అన్నదొకటి. ఈ మూడింటినీ ఒకేసారి తెర మీద చూపించే పెట్టె టైమ్‌గ్రాఫర్. మన వాచీ మెకానిక్‌లు టైమింగ్ మెషిన్ అంటారు. చిన్న షాపుల్లో, సొంతంగా వాచీలు విప్పుకునే వాళ్ల బల్లల మీద ఎక్కువగా కనిపించేది చైనావాళ్ల వీషి 1000.

పెట్టెలో వచ్చేవి తెర ఉన్న మెషిన్, వాచీని బిగించే మైకు స్టాండు, రెండింటినీ కలిపే వైరు, కరెంటు అడాప్టర్. స్టాండు తల అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి వాచీని విప్పకుండానే పడుకోబెట్టొచ్చు, నిలబెట్టొచ్చు, బోర్లించొచ్చు. మెషిన్ వాచీని చూడదు, వింటుంది. మనకి ఒక్క 'టిక్' లాగా వినపడేది నిజానికి మూడు చప్పుళ్లు: అటూ ఇటూ ఊగే చక్రం బ్యాలెన్స్ వీల్ కింది చిన్న రాయి ప్యాలెట్ ఫోర్క్ అనే చిన్న మీటని తాకడం, ఎస్కేప్ వీల్ అనే పళ్ల చక్రం పన్ను ఫోర్క్‌ని తోయడం, మళ్లీ ఇంకో పన్ను వచ్చి ఆగడం. మొదటి చప్పుడుకీ మూడో చప్పుడుకీ మధ్య ఎంతసేపు పట్టిందో కొలిచి, బ్యాలెన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోందో లెక్క కడుతుంది. ఆ ఊపునే యాంప్లిట్యూడ్ అంటారు.

వాచీ బిగించేటప్పుడే సగం మంది తప్పు చేస్తారు. కీ తిప్పే క్రౌన్ మైకు ఉన్న లోహపు దవడకి ఆనాలి, ఎందుకంటే కేసు లోపలి చప్పుడు బయటికి బాగా వచ్చేది క్రౌన్ కడ్డీ గుండానే. రెండో వైపు ఆనిస్తే చప్పుడు బలహీనపడి యాంప్లిట్యూడ్ అంకె కుదురుగా నిలవదు. స్ప్రింగు దవడ గట్టిగానే పడుతుంది. పాత గోల్డ్ ప్లేటింగ్ వాచీలకు గీత పడకుండా మెత్తని రెండో దవడ వైపు పలచని టేపు వేసుకోవచ్చు గానీ మైకు వైపు వేయకూడదు.

ఆన్ చేయగానే తెర మీద నాలుగు అంకెలు. రోజుకి ఎన్ని సెకన్లు ముందు లేదా వెనక (ఇదే రేటు), యాంప్లిట్యూడ్ డిగ్రీల్లో, బీట్ ఎర్రర్ (దెబ్బల మధ్య ఎడంలో తేడా) మిల్లీసెకన్లలో, గంటకి ఎన్ని దెబ్బలు. పాత హెచ్‌ఎంటీ జనతా లాంటి కీ ఇచ్చే వాచీ గంటకి 18000 దెబ్బలు కొడుతుంది, అంటే సెకనుకి 5. సీకో ఆటోమేటిక్‌లు చాలావరకు 21600, అంటే 6. ఈటీఏ 2824 రకం మూవ్‌మెంట్ (వాచీ లోపలి యంత్రం) 28800, సెకనుకి 8. మెషిన్ దీన్ని దానంతటదే పసిగడుతుంది. బాగా మురికి పట్టిన వాచీ దగ్గర మాత్రం తప్పులో కాలేస్తుంది. 18000 వాచీకి 19800 అనో 21600 అనో చూపిస్తూ, సెకన్ల అంకె వందల్లో గంతులేస్తుంటే ఆటో మోడ్ వదిలేసి దెబ్బల సంఖ్య చేత్తో పెట్టుకోవాలి.

కొత్తగా కొన్నవాళ్లు మొదటి అంకె మీదే పడతారు. రేటు సున్నా అయ్యేదాకా రెగ్యులేటర్ (వేగం మార్చే మీట) జరుపుతూ కూర్చుంటారు. ఈ మెషిన్ వల్ల జరిగే నష్టాల్లో ఇదే పెద్దది. ఒక ఉదాహరణ చూడండి. కీ ఇచ్చే వాచీ, నిండా కీ ఉంది. డయల్ పైకి పెడితే ప్లస్ 20 సెకన్లు, యాంప్లిట్యూడ్ 240. అదే వాచీని క్రౌన్ కిందికి నిలబెడితే మైనస్ 35, యాంప్లిట్యూడ్ 170. రెండు భంగిమల మధ్య 55 సెకన్ల తేడా. రెగ్యులేటర్ జరిపి డయల్ పైకి ఉన్నప్పుడు సున్నా చేశారనుకోండి, చేతికి పెట్టుకుని తిరిగేటప్పుడు అది రోజుకి 55 సెకన్ల దాకా లేటు వైపు లాగుతుంది. కస్టమర్ రెండో రోజే తిరిగొస్తాడు. జబ్బు రెగ్యులేటర్‌లో లేదు. నిలబెట్టగానే ఊపు 70 డిగ్రీలు పడిపోతోందంటే బ్యాలెన్స్ ఇరుసు మొనల దగ్గర నూనె ఎండిపోయిందనో, మురికి చేరిందనో, మొన అరిగిందనో అర్థం. విప్పి కడిగి కొత్త నూనె వేయాల్సిన వాచీకి అంకె మాత్రం సరిచేస్తే, జ్వరానికి థర్మామీటర్ని చన్నీళ్లలో ముంచినట్టే.

అందుకే ముందు చూడాల్సింది యాంప్లిట్యూడ్. సర్వీసింగ్ అయిన ఆరోగ్యమైన వాచీ, నిండా కీ ఇచ్చి డయల్ పైకి పెడితే 270 నుంచి 310 మధ్య ఉండాలి. నిలబెడితే 20 నుంచి 40 డిగ్రీలు తగ్గడం మామూలే. నిండా కీ ఉండి కూడా 200 దాటకపోతే రేటు ఎంత అందంగా ఉన్నా నమ్మొద్దు. యాభై ఏళ్ల పాత వాచీ 240 చూపితే మాత్రం కంగారు పడక్కర్లేదు, దానికి అది మంచి మార్కే. రెండో వైపు ప్రమాదం కూడా ఉంది. కొత్త మెయిన్ స్ప్రింగ్ (కీ ఇస్తే చుట్టుకునే స్ప్రింగ్) మరీ బలమైనది వేస్తే యాంప్లిట్యూడ్ 330 దాటుతుంది. అప్పుడు బ్యాలెన్స్ కింది రాయి చుట్టు తిరిగొచ్చి ఫోర్క్ కొమ్ము వెనక వైపు కొట్టుకుంటుంది, వాచీ గుర్రంలా పరిగెత్తుతుంది. కీ కొంచెం దిగాక దానంతటదే సర్దుకుంటే అనుమానం ఖాయం.

యాంప్లిట్యూడ్‌ని నమ్మాలంటే ఒక సెట్టింగ్ సరిగ్గా ఉండాలి, అదే లిఫ్ట్ యాంగిల్, అంటే రాయి ఫోర్క్‌తో తాకి ఉన్నంతసేపు బ్యాలెన్స్ తిరిగే కోణం. మెషిన్ ఆన్ చేయగానే 52 డిగ్రీలు ఉంటుంది. చాలా వాచీలకి ఇది దగ్గరే. సీకో 7ఎస్26, ఎన్‌హెచ్35 మూవ్‌మెంట్లకి 53. ఈ ఒక్క డిగ్రీ తేడాకి కొంప మునగదు. ఒమేగా 2500 కో-ఆక్సియల్ మూవ్‌మెంట్‌కి మాత్రం 38. దాన్ని 52 మీద పెట్టి కొలిస్తే, నిజంగా 230 ఊగుతున్న వాచీ 315 అని చూపిస్తుంది, సర్వీసింగ్ కావాల్సిన వాచీ ఉక్కుపిండంలా కనిపిస్తుంది. లిఫ్ట్ యాంగిల్ తప్పుగా ఉన్నా రేటూ బీట్ ఎర్రరూ మారవు. అందుకే ఈ తప్పు ఎన్నాళ్లయినా బయటపడదు.

లిఫ్ట్ యాంగిల్ ఎక్కడా దొరకని పాత వాచీకి ఒక పద్ధతుంది. బ్యాలెన్స్ అంచు మీద మార్కర్‌తో సన్నటి చుక్క పెట్టాలి. అది ఆగి ఉన్నప్పుడు చుక్క ఎక్కడుందో చూసుకోవాలి. తర్వాత కొద్దికొద్దిగా కీ ఇస్తూ ఊగనివ్వాలి. ఊపు చివర చుక్క ఒక్క క్షణం ఆగినట్టు కనిపిస్తుంది. ఒక వైపు ఊపు చివరా, రెండో వైపు ఊపు చివరా చుక్క ఒకే చోట, మొదటి స్థానానికి సరిగ్గా ఎదురుగా కనపడితే అప్పుడు యాంప్లిట్యూడ్ కచ్చితంగా 180. ఆ స్థితిలో తెర మీద కూడా 180 వచ్చేదాకా లిఫ్ట్ యాంగిల్ మారుస్తూ పోతే, ఆగిన అంకే ఆ వాచీ లిఫ్ట్ యాంగిల్. లూపు (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టుకుని మంచి వెలుతురులో చేస్తే పది నిమిషాల పని.

ఇక గీతలు. అంకెల కన్నా తెర మీది చుక్కల వరసే ఎక్కువ చెబుతుంది, అదేంటో చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. రెండు వరసలు ఎక్కుతుంటే వాచీ ముందుకి, దిగుతుంటే వెనక్కి. రెండింటి మధ్య ఎడం బీట్ ఎర్రర్. వరసలు తిన్నగా కాకుండా పాములా క్రమంగా అలలు తిరుగుతుంటే చక్రాల్లో ఏదో పన్ను వంకరో, ఎస్కేప్ వీల్ గుండ్రంగా లేకపోవడమో. చుక్కలు చల్లిన మినుముల్లా చెదిరిపోతే మురికి, అయస్కాంతం, లేదా పక్కన తిరుగుతున్న మిక్సీ. అవును, మిక్సీయే. ఈ మైకు బల్ల అదురుని కూడా వింటుంది. స్టాండు కింద మడతపెట్టిన మందపాటి గుడ్డ వేసి, టేబుల్ ఫ్యాన్ ఆపి, మళ్లీ చూశాకే వాచీని అనుమానించాలి. గెయిన్ (మైకు వినికిడి) పెంచితే చప్పుడు బలపడుతుంది గానీ గోల కూడా దానితోపాటే పెరుగుతుంది. బలహీనమైన వాచీకి ముందు క్రౌన్ ఆనిక సరిచేసి, ఆ తర్వాతే గెయిన్ ముట్టుకోండి.

నిన్నటిదాకా బాగున్న వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాల లెక్కన ముందుకెళ్తుంటే రెగ్యులేటర్ జోలికి పోవద్దు. బ్యాలెన్స్‌ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగ్ చుట్లు అయస్కాంతం పట్టి ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. స్పీకర్లు, హ్యాండ్‌బ్యాగ్ మూత అయస్కాంతాలు, ట్యాబ్ కవర్లు ఇందుకు చాలు. దిక్సూచి దగ్గర పెట్టి చూస్తే ముల్లు కదులుతుంది. అయస్కాంతం తీసే డీమాగ్నెటైజర్ మీద కొన్ని క్షణాల పని, అంతే. అది చేయకుండా రెగ్యులేటర్‌ని చివరిదాకా స్లో వైపు జరిపి ఇచ్చిన వాచీలు తర్వాత ఎవరో అయస్కాంతం తీశాక రోజుకి నిమిషాలు లేటు నడుస్తాయి.

వాచీ ఆరోగ్యంగా ఉందని తేలాకే సర్దుబాటు. నిండా కీ ఇవ్వాలి. ఎన్‌హెచ్35 కి క్రౌన్ తిప్పి కీ ఇవ్వొచ్చు, 7ఎస్26 కి ఆ సౌకర్యం లేదు, పడుకోబెట్టి వృత్తంలా ఊపుతూ ఎక్కించాల్సిందే. ఆ తర్వాత ఒక పావుగంట వదిలేయాలి. ముందు బీట్ ఎర్రర్, తర్వాతే రేటు, ఎందుకంటే బీట్ ఎర్రర్ మీట కదిపితే రేటు కూడా మారిపోతుంది. సీకోలో ఈ రెండు మీటలూ బ్యాలెన్స్ బ్రిడ్జి మీద పక్కపక్కనే ఉంటాయి, తడబడేది ఇక్కడే. హెయిర్ స్ప్రింగ్ కొస బిగించి ఉన్నది బీట్ ఎర్రర్‌ది. స్ప్రింగ్ రెండు సన్న పిన్నుల మధ్య నుంచి వెళ్తున్నది రేటుది. బీట్ ఎర్రర్ ఎటు వైపు ఉందో మెషిన్ చెప్పదు, ఎంత ఉందో మాత్రమే చెబుతుంది. వెంట్రుకవాసి జరిపి చూడాలి, పెరిగితే అటు కాదు. 0.5 లోపు వస్తే చాలా బాగు, 0.8 దాకా పర్లేదు. పాత వాచీల్లో ఈ మీట ఉండదు, బ్యాలెన్స్ ఊడదీసి హెయిర్ స్ప్రింగ్ మధ్య బిళ్ళని తిప్పాలి. అలాంటిదాంట్లో 2 ఉన్నా, కీ రెండు చుట్లు తిప్పగానే తనంతట తాను నడక మొదలెడుతుంటే కదపకపోవడమే తెలివైన పని.

రేటు మీట మీద ఎఫ్, ఎస్ అనో, ఏ, ఆర్ అనో, కూడిక తీసివేత గుర్తులో ఉంటాయి. ఎఫ్, ఏ, కూడిక అన్నీ ఫాస్ట్ వైపే. స్టీలు ట్వీజర్‌తో కాదు, సన్నగా చెక్కిన పుల్లతో తోయాలి. పుల్ల జారితే పోయేది హెయిర్ స్ప్రింగే. ఒక్కో కదలిక తర్వాత అర నిమిషం ఆగి చూడాలి. డయల్ పైకి, డయల్ కిందికి, క్రౌన్ కిందికి, క్రౌన్ పైకి, మిగతా రెండు పక్కలకి, ఈ ఆరింటి సగటు కొంచెం ప్లస్‌లో ఉంచితే మంచిది. లేటయ్యే వాచీని జనం క్షమించరు, ముందుండే వాచీని క్షమిస్తారు. స్విస్ క్రోనోమీటర్ సర్టిఫికెట్ పరిధి కూడా సగటున మైనస్ 4 నుంచి ప్లస్ 6. పాత కీ వాచీ రోజుకి 20, 30 సెకన్లలో ఉంటే, 86400 సెకన్లలో అది ఎంత చిన్న భాగమో లెక్కేసుకోండి.

మెషిన్ లోపలి క్వార్ట్జ్ ఎంత నమ్మకం అన్న అనుమానం వస్తుంది. పది లక్షల్లో పది వంతుల తేడా ఉన్నా రోజుకి 0.9 సెకను కూడా కాదు. మెకానికల్ వాచీకి అది లెక్కలోకి రాదు. అయితే తెర చూపించేది ఆ అర నిమిషం నడకని బట్టి వేసిన అంచనా. అసలు టైమింగ్ తెలియాలంటే ఫోన్ టైముతో కలిపి పెట్టి, ఇరవై నాలుగు గంటల తర్వాత చూడాల్సిందే. ఆఖరి ఆరు గంటల్లో కీ దిగిపోయి ఊపు తగ్గినప్పుడు రేటు ఎలా మారుతుందో తెర మీది అర నిమిషంలో కనపడదు.

లోపాలు కొన్ని నికరంగా ఉన్నాయి. చదివిన అంకెలని దాచుకోదు, కాగితం మీద రాసుకోవాలి. మామూలు క్వార్ట్జ్ వాచీ దీని పని కాదు, కాబట్టి రోజూ బ్యాటరీలు మార్చే షాపుకి ఇది దండగ. స్టాండు కీలు వదులైతే బరువైన స్టీలు చైను వాచీ నెమ్మదిగా ఒరిగి భంగిమ మారిపోతుంది. చైను కిందికి వేలాడకుండా చూసుకోండి. స్విస్ కంపెనీ విచ్చి (Witschi) మెషిన్లతో పోలిక పెట్టడం అన్యాయం, ధరలో ఆమడ దూరం. ఫోన్ యాప్‌లు రేటు దాకా ఫర్వాలేదు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇయర్‌ఫోన్ మైకు క్రౌన్‌కి ఆనిస్తే. యాంప్లిట్యూడ్ దగ్గర మాత్రం తరచూ తడబడతాయి. ఒకటి రెండు వాచీలున్న వాళ్లకి యాప్ చాలు. మూత తీసే అలవాటున్న వాళ్లు మాత్రం ఇది కొనాల్సిందే, పుల్ల పట్టుకునే ముందే.

పార్సిల్ రాగానే మూడు పనులు చేయండి. వాచీ లేకుండా మైకు దవడని గోటితో మెల్లగా తట్టి, తెర మీద చుక్కలు పడుతున్నాయో లేదో చూడండి. వైరు రెండు కొసల దగ్గరా కాస్త అటూ ఇటూ కదిపి, చుక్కలు తెగిపోతున్నాయేమో చూడండి, ఎందుకంటే మొదట పాడయ్యేది అక్కడే. బాగా నడుస్తున్న వాచీ ఒకటి బిగించి, ఒకే భంగిమలో రెండు నిమిషాలు వదిలి, తీసి మళ్లీ బిగించి కొలవండి. రెండుసార్ల మధ్య రేటు రెండు మూడు సెకన్లు, యాంప్లిట్యూడ్ ఐదారు డిగ్రీలు మించి తేడా వస్తే తిరిగి పంపించే గడువు దాటకముందే పంపించేయండి.