ఆ పంచదార పొట్లం మొత్తం పోయకండి: మొదటి బీరు కిట్‌తో నా అనుభవం

అమెరికాలో, కొలంబస్‌లో మా ఇంటికి దగ్గరలో బీరు తయారీ సామాన్లు అమ్మే షాపు ఉంది. ఈ కిట్ అక్కడే కొన్నాను. 5 గ్యాలన్లది, అంటే దాదాపు 19 లీటర్లు. రెండు ప్లాస్టిక్ బకెట్లు, ఒక బకెట్‌లోంచి ఇంకోదాంట్లోకి బీరు దింపే సైఫన్ గొట్టం, బీరులో ఇంకా ఎంత చక్కెర మిగిలిందో అంచనాకి వాడే హైడ్రోమీటరు, బాటిళ్లు నింపే గొట్టం, మూతలు బిగించే క్యాపర్, మూతలు, ఒక పంచదార పొట్లం, రెండు పేజీల సూచనల కాగితం ఇచ్చారు. సీసాలు మాత్రం మనవే. కాచడం, పులియబెట్టడం గురించి చాలామంది రాశారు కాబట్టి నేను బాటిల్‌లో నింపి గ్యాస్ పట్టించే దశ గురించే రాస్తాను. ఎందుకంటే ఈ కిట్‌లో మంచి, చెడు రెండూ అక్కడే బయటపడ్డాయి.

ఇక్కడ ఇంట్లో వాడుకోవడానికి బీరు కాచుకోవచ్చు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా అనుమతి. అమ్మకూడదు. ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చదివి మొదలుపెట్టకండి, అక్కడ లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసు అవుతుంది.

ముందుగా నాకు బాగా నచ్చిన వస్తువు, ఆ నింపే గొట్టం. చూడటానికి ఏమీ ఉండదు, మూరెడు పొడవు ప్లాస్టిక్ గొట్టం, కింద చిన్న స్ప్రింగు మొన. సీసా అడుక్కి ఆనించి నొక్కితే బీరు వస్తుంది, ఎత్తితే ఆగిపోతుంది. అడుగు నుంచి నిండుతుంది కాబట్టి బీరు చిందదు, గాలి కలవదు. పులిసిన బీరులో గాలి కలిస్తే కొన్ని వారాలకి తడి అట్టపెట్టె వాసన వస్తుంది. సీసా అంచు దాకా నింపి గొట్టం పైకి తీస్తే, అది ఆక్రమించిన మేర మట్టం దిగి పైన అంగుళం పైచిలుకు ఖాళీ మిగులుతుంది. గ్యాస్‌కి కావాల్సినంత చోటు అదే. కొలవక్కర్లేదు, ప్రతి సీసాకీ ఒకేలా వస్తుంది. మా ఆవిడ నింపుతుంటే నేను మూతలు బిగించాను. పదో సీసా వచ్చేసరికి ఇద్దరికీ చేయి కుదిరిపోయింది.

క్యాపర్ కూడా బాగుంది. రెండు రెక్కలుంటాయి, మధ్యలో అయస్కాంతం మూతని పట్టుకుంటుంది. రెక్కలు రెండూ ఒకేసారి, ఒకే బలంతో కిందకి నొక్కాలి. ఒక వైపు ముందు దిగితే మూత వంకరగా కూర్చుంటుంది. అయితే మెలితిప్పి తీసే మూతల సీసాలు వాడకండి. మరలున్న ఆ మూతి మీద ఈ మూత సరిగ్గా పట్టదు. స్నేహితుల దగ్గర పోగుచేసిన వాటిలో అలాంటివి మూడు కలిసిపోయాయి. మూడింట్లోనూ బీరు చప్పగా అయిపోయింది. పచ్చవి, తెల్లవి కూడా పక్కన పెట్టండి, వెలుతురు తగిలితే హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) చేదు కంపు వాసనగా మారుతుంది. గోధుమరంగు సీసాలే మేలు.

ఇక కుళాయి. రెండో బకెట్‌కి బిగించే ఈ కుళాయి నాకు వచ్చినది కారింది. ముందు రోజు రాత్రి నీళ్లు పోసి చూశాను కాబట్టి బతికిపోయాను. వాషరులో ఒకచోట కోత ఉంది. షాపువాళ్లు మర్నాడు కొత్తది ఇచ్చారు, మాట మాట్లాడకుండా. కానీ నీళ్లు పోసి చూడమని ఆ సూచనల కాగితంలో ఒక్క ముక్క ఉండాల్సింది. 17 లీటర్ల బీరు పోశాక కారడం మొదలైతే మనిషి చేయగలిగింది ఏమీ లేదు.

అసలు ఫిర్యాదు ఆ కాగితం మీదే.

మా నాన్నకి చీరాల రైల్వే స్టేషన్ దగ్గర గోలీసోడా కొట్టు ఉండేది. సీసాని మిషన్‌లో పెట్టి, గ్యాస్ వదిలి, పిడి పట్టి గిరగిరా తిప్పేవాడు. ఆ ఒత్తిడికే గోలీ ఎగిరి రబ్బరు రింగుకి అతుక్కునేది. ఆయన కుడి మోచేతి మీద జానెడు మచ్చ ఉంది. సన్నటి బీట ఉన్న సీసా చూసుకోకుండా పెట్టాడట, పేలి గాజు దిగింది. నాకప్పుడు ఆరేళ్లు, ఆ రక్తం గుర్తుంది. అందుకే సీసాలో గ్యాస్ అంటే నాకు తేలిగ్గా తీసుకోవడం రాదు.

బీరులో గ్యాస్ బయటినుంచి పట్టించరు. నింపేముందు కొంచెం పంచదార కలిపితే, మిగిలిన ఈస్ట్ దాన్ని తిని గ్యాస్ వదులుతుంది. మూత బిగించి ఉంది కాబట్టి అది బీరులోనే కరుగుతుంది. ఎంత పంచదార అన్నదే మొత్తం లెక్క. కాగితంలో ఏముందంటే, వారం పది రోజులకి పులియడం అయిపోతుంది, పొట్లం మొత్తం వేసి నింపేయండి అని. పొట్లంలో ఉన్నది 5 ఔన్సులు, అంటే 142 గ్రాముల మొక్కజొన్న చక్కెర. పూర్తిగా 19 లీటర్లున్నా అది కాస్త ఎక్కువే. మడ్డి వదిలేస్తే నాకు మిగిలింది 17 లీటర్లు.

పదో రోజున హైడ్రోమీటరు 1.014 చూపించింది. ఆగాను. పద్నాలుగో రోజు 1.011, పదహారో రోజు కూడా 1.011. అప్పుడు గానీ అయిపోయినట్టు కాదు. పదో రోజే నింపేసి ఉంటే ఆ మూడు పాయింట్ల (0.001 అంటే ఒక పాయింటు) చక్కెర కూడా సీసాలోనే పులిసేది. రెండు పాయింట్లకి ఇంచుమించు ఒక వాల్యూమ్ గ్యాస్ వస్తుంది, అంటే ఒక లీటరు బీరులో ఒక లీటరు గ్యాస్. పొట్లం మొత్తం వేస్తే 2.7, పైన ఇంకో ఒకటిన్నర, 4 దాటిపోతుంది. మామూలు బీరు సీసాలో 3 దాటనివ్వకూడదు. అది సీసా కాదు, బాంబు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల చేతిలో పెట్టే కాగితంలో ఇలా రాయడం తప్పు. షాపులో కూడా ఇదే చెప్పి వచ్చాను.

నేను వంటింటి త్రాసులో 118 గ్రాములు తూచాను. బీరు 20 డిగ్రీల దగ్గర ఉంది, దానిలో ముందే కరిగి ఉన్న గ్యాస్‌తో కలిపితే 2.4 వాల్యూమ్‌లు వస్తుంది. నేను కాచిన పేల్ ఏల్ రకం బీరుకి అది చక్కగా సరిపోతుంది. అర లీటరు నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించి, చల్లార్చి, ఖాళీ బకెట్‌లో ముందు ఆ పాకం పోసి, దాని మీదకి సైఫన్‌తో బీరు నెమ్మదిగా దింపాను. అంతకుముందే అన్నీ స్టార్ శాన్ అనే క్రిములు చంపే మందు కలిపిన నీళ్లలో ముంచి తీశాం. 19 లీటర్ల నీటికి ఆ మందు 30 మిల్లీలీటర్లు చాలు, తర్వాత కడగక్కర్లేదు, నురగ మిగిలినా ఫరవాలేదు. మొత్తం 45 సీసాలు నిండాయి. చివరగా అర లీటరు ప్లాస్టిక్ సోడా బాటిల్ ఒకటి కూడా నింపాను. నొక్కి చూస్తే లోపల గ్యాస్ ఎంత పట్టిందో తెలిసిపోతుంది. ఈ ఒక్క చిట్కా ఆ కాగితంలో ఉన్నా నాకు సగం టెన్షన్ తగ్గేది.

రెండు వారాలకి ఒకటి తీశాను. మూత తుస్సుమంది, అంతే. నురగ లేదు, తియ్యగా ఉంది. ప్లాస్టిక్ బాటిల్ ఇంకా మెత్తగానే ఉంది. నాన్నకి ఫోన్ చేస్తే, "సీసాలు ఎక్కడ పెట్టావురా?" అన్నాడు. బేస్‌మెంట్‌లో అన్నాను. "ఎంత చల్లగా ఉంటుంది అక్కడ?" వెళ్లి చూస్తే 16 డిగ్రీలు. బయట జనవరి. ఆ చలికి ఈస్ట్ మందగించింది. ఇడ్లీ పిండి చలికాలం పొంగనట్టే. సీసాలన్నీ పైకి తెచ్చి, 21 డిగ్రీలుండే బట్టల అలమరలో అట్టపెట్టెల్లో పెట్టి, మూతలు వేసి, పైన మందపాటి దుప్పటి కప్పాను. అది నాన్న మాట. "గాజు రా అబ్బాయ్, గోనె లేకపోతే దుప్పటైనా కప్పు" అన్నాడు.

పది రోజులకి ప్లాస్టిక్ బాటిల్ రాయిలా గట్టిపడింది. రెండు సీసాలు ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచాను. చల్లదనంలోనే గ్యాస్ బాగా కరుగుతుంది, నాన్న సోడాకి ఐసు నీళ్లు వాడేది అందుకే. అడుగున పల్చటి మడ్డి ఉంటుంది కాబట్టి గ్లాసులోకి ఒకే ధారగా వంచి, చివరి అర అంగుళం సీసాలోనే వదిలేయాలి.

కిట్ కొనాలనుకునేవాళ్లకి నా మాట: కొనండి, గొట్టం, క్యాపర్ రెండూ డబ్బుకి తగ్గట్టే ఉన్నాయి. కాగితం పక్కన పడేసి, గ్రాముల్లో తూచే త్రాసు ఒకటి విడిగా కొనుక్కోండి. నా మార్కులు 5కి 3.

నాన్న తాగడు. ఆ రోజు వీడియో కాల్‌లో, "తీసేముందు ఫోన్ దగ్గరగా పెట్టు" అన్నాడు. పెట్టి తీశాను. ఒక క్షణం ఏమీ అనలేదు.

"గ్యాస్ సరిపోయింది. రెండోది కూడా తియ్యి, రెండూ ఒకేలా మోగాలి."

రెండోదీ తీశాను. గ్లాసులో నురగ రెండు వేళ్ల మందం నిలిచింది.