పుండులో పురుగులకు కొట్టే స్ప్రే: సగం పనే చేస్తుంది

ముందే చెప్పేస్తున్నా, 5కి 3 ఇస్తున్నాను. పోయిన వారం అడిగి ఉంటే 1 కూడా ఇచ్చేవాణ్ణి కాదు, సీసా తీసుకెళ్ళి గోడకేసి కొట్టేవాణ్ణి. కోపం చల్లారాక ఆలోచిస్తే తప్పు సగం సీసాది, సగం నాది అనిపించింది. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ రకం స్ప్రేలన్నీ దాదాపు ఒకే తీరు.

మా వాడికి, అంటే మా కుక్కకి, 11 ఏళ్ళు, మెడ చుట్టూ గుబురు బొచ్చు. చెవి వెనక గోక్కుని గోక్కుని ఎప్పుడో చిన్న పుండు చేసుకున్నాడు, బొచ్చు కింద ఉండటంతో మాకు కనపడలేదు. రెండు రోజులు అదే పనిగా తల విదిలిస్తుంటే చెవిలో నీళ్ళు పోయాయేమో అనుకున్నాం. మూడో రోజు పక్కన కూర్చుంటే వాసన వచ్చింది. చీము వాసన కాదు, కుళ్ళిన మాంసంలో ఏదో తియ్యటిది కలిసినట్టు ఉంటుంది, ఒకసారి పీలిస్తే ఇక మర్చిపోరు. బొచ్చు పాయ తీసి చూస్తే రసి కారి అట్టకట్టి ఉంది, దాని కింద పెన్సిల్ దూరేంత రంధ్రం. టార్చి వేశాను. ఆ రంధ్రం కదిలింది. లోపల తెల్లగా పక్కపక్కనే నిలబడ్డ పురుగులు, వెలుగు పడగానే అన్నీ ఒక్కసారే లోపలికి ముడుచుకున్నాయి. నాకు కడుపులో తిప్పేసింది.

రాత్రి పూట డాక్టరు దొరకలేదు కాబట్టి స్ప్రే తెచ్చాను. అట్ట మీద నిగనిగలాడే కుక్క బొమ్మ, పక్కన ‘ఒక్కసారి కొడితే చాలు’ అన్న మాట. సీసా నిండా ఘాటైన నూనెలు, టర్పెంటైన్ వాసన, ఈగలు వాలకుండా పెర్మెత్రిన్ అనే పురుగుమందు. దీని గురించి కిందకి చెప్తాను, ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళు తప్పకుండా చదవండి.

స్ప్రే పని చేసిందా అంటే, చేసింది. కొట్టిన రెండు మూడు నిమిషాల్లో పురుగులు బయటికి రావడం మొదలైంది. దానికో కారణం ఉంది. ఈ పురుగు తల లోపలికి పెట్టి మాంసం తింటూ ఉంటుంది, ఊపిరి మాత్రం వెనక చివర ఉన్న రెండు చిన్న రంధ్రాలతో తీసుకుంటుంది, అందుకే తోక ఎప్పుడూ పైకే ఉంటుంది. నూనె పడితే ఆ రంధ్రాలు మూసుకుపోయి, ఊపిరాడక పైకి పాకుతుంది. పట్టకారుతో ఒక్కొక్కటీ లాగి మూత పెట్టిన డబ్బాలో వేశాను, 23 లెక్కపెట్టాను. ఇక రావట్లేదు. పనైపోయింది అనుకుని, ఇంకో రెండు సార్లు కొట్టి పడుకున్నాను. నా తప్పు సరిగ్గా ఇక్కడే.

తెల్లారేసరికి మళ్ళీ అదే వాసన. క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరుగారు రంధ్రం వైపు చూడనైనా చూడలేదు, ముందు మెషీన్ పెట్టి చుట్టూ అరచేయంత మేర బొచ్చు తీసేశారు. అప్పుడు తెలిసింది, నేను చూసింది ఒక్క రంధ్రం, ఉన్నవి మూడు. పైకి మూడు, చర్మం కింద అంతా ఒకటే గుంట. నేను కొట్టిన మందు మొదటి గదిలోనే ఆగిపోయింది, వెనక గదుల్లో ఉన్నవి హాయిగా తింటున్నాయి, కొన్ని ఘాటుకి ఇంకా లోపలికి పోయాయి. సూది లేని సిరంజితో సెలైన్ కొట్టి కడగడం, ఫోర్సెప్స్‌తో తియ్యడం, మళ్ళీ కడగడం, అలా దాదాపు గంట పట్టింది. 60 దాటాక నేను లెక్క మానేశాను. మా వాడు మత్తులో ఉన్నాడు కాబట్టి సరిపోయింది, మెలకువగా ఉంటే ఆ నొప్పికి నా చెయ్యే కొరికేవాడు.

‘స్ప్రే కొట్టి ఊరుకున్నారా?’ అని అడిగారాయన. ‘చచ్చిన పురుగు లోపల ఉండిపోయినా కుళ్ళుతుంది కదండీ.’ ఈ ఒక్క ముక్క సీసా మీద ఎక్కడా లేదు. 3 ఇవ్వడానికి పెద్ద కారణం ఇదే. పురుగుల్ని బయటికి రప్పించడం వరకే దాని పని, తియ్యాల్సింది చేత్తోనే, బొచ్చు కొరగాల్సింది ముందే. ఇంత ముఖ్యమైన విషయం వదిలేసి ‘ఒక్కసారి కొడితే చాలు’ అని రాయడానికి మనసెలా వచ్చిందో.

క్లినిక్‌లో నైటెన్‌పైరామ్ మాత్ర కూడా వేశారు, మామూలుగా పిడుదులకి కాదు, బొచ్చులో గెంతే చిన్న పురుగులకి (ఫ్లీలకి) ఇచ్చే మందు అది. అరగంటలో పని మొదలుపెడుతుందట, లోపల మిగిలినవి చచ్చి ఊడిరావడం నేను కళ్ళారా చూశాను. కాకపోతే ఒంట్లో ఒక రోజు మించి పెద్దగా నిలవదు కాబట్టి రేపు మళ్ళీ ఈగ వాలకుండా అది కాపాడలేదు. ఎవరో ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇంజెక్షన్ చేయించెయ్ అన్నారు. కోలీ లాంటి కొన్ని జాతి కుక్కలకి జన్యు లోపం వల్ల ఆ మందు మెదడుకెక్కుతుంది, ప్రాణం మీదకి వస్తుంది, కాబట్టి డాక్టరు చెప్పకుండా ఇంట్లో ఆ ప్రయోగాలు చెయ్యకండి.

ఇంకో ఉచిత సలహా కూడా వచ్చింది, ‘పురుగులు చెడు మాంసమే తింటాయి, పుండు శుభ్రం చేస్తాయి, వదిలెయ్’ అని. ఆ మాటలో కాస్త నిజం లేకపోలేదు. ల్యాబులో క్రిములు లేకుండా పెంచిన పచ్చ ఈగ పురుగుల్ని మనుషుల మొండి పుళ్ళ మీద వాడతారు, అమెరికాలో 2004లో దానికి అనుమతి కూడా వచ్చింది. కానీ మన కుక్క మీద వాలింది ఏ ఈగో ఎవడికి తెలుసు? స్క్రూవార్మ్ అనే రకం ఈగ పురుగైతే బతికున్న మాంసమే తింటూ లోపలికి తొలుచుకుపోతుంది, ఆ ఈగ ఒక్క విడతలో వందకు పైగా గుడ్లు పెడుతుంది. పచ్చ ఈగైనా సరే, చచ్చిన కండ అయిపోతే పక్కదాన్ని వదలదు. వేడిగా ఉంటే గుడ్డు పెట్టిన రోజు తిరిగేలోపే పురుగవుతుంది. వదిలేసి చూద్దాం అనేంత టైమ్ మన దగ్గర ఉండదు.

ఇప్పుడు పిల్లి సంగతి. పెర్మెత్రిన్ కుక్కలకి పర్వాలేదు, పిల్లి కాలేయం మాత్రం దాన్ని సరిగ్గా విరగ్గొట్టలేదు. వణుకు, మూర్ఛలు, ఒక్కోసారి చావు. ఇది సీసా వెనకాల అన్నిటికంటే కింద లైనులో, భూతద్దం పెడితే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో ఉంది. మా పిల్లి రోజూ వాడి మెడకి ఆనుకునే పడుకుంటుంది, చెవులు నాకుతుంది కూడా. మొదటి రాత్రి అది వేరే గదిలో నిద్రపోవడం మా అదృష్టం. క్లినిక్‌లో ‘ఇంట్లో పిల్లి ఉందా?’ అని అడిగినప్పుడు నాకు వచ్చిన టెన్షన్ పురుగుల్ని చూసినప్పుడు కూడా రాలేదు. ఆ రోజు నుంచి రెండిటినీ విడిగా పెట్టాం.

మంచి కూడా చెప్పాలి కదా. పుండు శుభ్రం అయ్యాక ఇదే స్ప్రే డాక్టరుగారు చెప్పినట్టు పుండులోకి కాకుండా చుట్టూ చర్మం మీద కొడుతున్నాం, ఒక్క ఈగ వాలలేదు. అంతకుముందు డ్రెస్సింగ్ విప్పితే చాలు, ఎక్కణ్ణుంచి వచ్చేవో తెలీదు. ఘాటు మాత్రం భరించలేం, కిటికీలు తెరిచి కొట్టాలి. పచ్చి పుండు మీద పడితే మంట, మా వాడు సీసా చూస్తేనే మంచం కిందకి దూరుతున్నాడు.

నాజిల్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పక్కకి వంచితే రాదు, నిటారుగా పట్టుకుంటే పొగమంచులా అంతటా పడుతుంది, కంటికి రెండు వేళ్ళ దూరంలో ఉన్న పుండుకి అలా ఎలా కొట్టాలి? నేనిప్పుడు దూదిలో కొట్టి అద్దుతున్నాను. పుండు పదో రోజుకి పూడింది, అడుగున గులాబీ రంగు కొత్త కండ కనిపిస్తోంది, గొరిగిన చోట ముళ్ళలా బొచ్చు మొలుస్తోంది. సీసాలో ఇంకా సగం మందు ఉంది, పై అరలో తాళం వేసి పెట్టాను.