జాగ్రత్త: 'సౌండ్‌ప్రూఫ్ కిట్' అని అమ్మే ఫోమ్‌తో డ్రమ్స్ బ్లీడ్ ఆగదు

ఇంట్లో బ్యాండ్ రికార్డింగ్ పెట్టుకునేవాళ్లు ఫోమ్ కొనేముందు ఇది చదవండి. బ్లీడ్ అంటే ఒక వాయిద్యం శబ్దం ఇంకోదాని మైక్‌లోకి చొరబడటం. ఆన్‌లైన్‌లో అంగుళం మందం ఫోమ్ షీట్లు, మైక్ వెనక బిగించే అర్ధచంద్రాకారపు షీల్డు కలిపి ఒక కిట్ తెప్పించాం. పేజీలో పెద్దక్షరాలతో 'మైక్ బ్లీడ్ జీరో' అని ఉంది. చాట్‌లో అడిగితే అమ్మకందారు "డ్రమ్స్ పక్కనే నిలబడి పాడినా ఏం కాదు సార్" అన్నాడు.

గోడలన్నిటికీ అతికించి అందరం ఒకే గదిలో వాయించాం. వోకల్ ట్రాక్ ఒక్కటే పెట్టి వింటే పాటకంటే డ్రమ్స్ సింబల్సే (ఇత్తడి పళ్లేలే) ముందు వినిపిస్తున్నాయి. పైగా గది మొద్దుబారింది. పై ఫ్రీక్వెన్సీలను ఫోమ్ పీల్చేసింది గానీ కిక్ డ్రమ్, బేస్ గిటార్ మాత్రం ఎప్పటిలాగే బుయ్యిమంటున్నాయి. అవ్వక ఏమవుతుంది? 100 హెర్ట్జ్ తరంగం పొడవే దాదాపు 3.4 మీటర్లు, అంగుళం స్పాంజి దాన్నేం చేస్తుంది? అసలు గోడ మీది ఫోమ్ గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తుందంతే. డ్రమ్ నుంచి మైక్‌లోకి నేరుగా వచ్చే శబ్దానికి గోడతో పనే లేదు. షీల్డు సంగతి ఇంకా తమాషా. కార్డియాయిడ్ మైక్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం) వెనకవైపు నుంచి అసలే తక్కువ తీసుకుంటుంది, ఈ షీల్డు కాపలా కాసేదీ ఆ వెనకవైపే!

రిటర్న్ అడిగితే "జిగురు అంటించేశారు, కుదరదు" అన్నాడు. ఇంకో ప్యాక్ వేస్తే తేడా తెలుస్తుందని సలహా కూడా. షీట్లు పీకితే గోడ రంగు పెచ్చులుగా ఊడొచ్చింది.

ఆ డబ్బుతో చేయదగ్గవి వేరే ఉన్నాయి. బేస్ గిటార్‌ని డీఐ బాక్స్‌తో (గిటార్ సిగ్నల్‌ని మైక్ లేకుండా రికార్డింగ్‌కి పంపే చిన్న పెట్టె) నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి, అంటే కంప్యూటర్‌కి శబ్దాన్ని అందించే పరికరంలోకి ఇవ్వండి. గిటార్ ఆంప్‌ని పక్క గదిలో పెట్టి తలుపు వేసెయ్యండి. పాటకి ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైక్ పెదాలకి దగ్గరగా పెట్టి, దాని వీపు డ్రమ్స్ వైపు తిప్పండి. సూపర్‌కార్డియాయిడ్ మైక్ (ముందువైపు ఇంకా ఇరుకుగా పట్టే రకం) అయితే తిన్నగా వెనక్కి కాదు, దానికి చెవుడు ముందునుంచి సుమారు 126 డిగ్రీల దగ్గర, అంటే వెనక పక్కలకి. ఇంతా చేసినా కొంచెం బ్లీడ్ ఉంటుంది. అసలు వద్దనుకుంటే పాట తర్వాత విడిగా పాడించుకోవడమే.

ఇంకోటి, డబ్బుకంటే ముఖ్యం. మామూలు పాలీయూరిథేన్ ఫోమ్ చాలా వేగంగా అంటుకుంటుంది. 2003లో అమెరికా రోడ్ ఐలాండ్‌లోని స్టేషన్ నైట్‌క్లబ్‌లో బాణసంచా నిప్పు గోడల ఫోమ్‌కి అంటుకుని 100 మంది చనిపోయారు. ఫైర్ రేటింగ్ సర్టిఫికెట్ చూపించకపోతే కొనకండి. మేం ఆ సర్టిఫికెట్ అడుగుతూ మెసేజ్ పెడితే, మా అమ్మకందారు చూసి జవాబివ్వలేదు.

మేం గట్టిగా అడిగాక పేజీలో 'జీరో' మాయమై 'తగ్గిస్తుంది' వచ్చింది. అందుకే కొనేముందే పేజీ, చాట్ స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. మా స్క్రీన్‌షాట్లతో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాం, ఇంకా నడుస్తోంది.